హాల్లో గోడకి ఫొటో ఎంత సైజు వేయించాలి?

కావలిలో కొత్తిల్లు కట్టుకున్న మిత్రుడు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఆయన దగ్గర మూడు ఫొటోలున్నాయి. ఒకటి మైపాడు బీచ్‌లో పొద్దు పొడిచేటప్పటి పడవలు, 24 మెగాపిక్సెల్ కెమెరాతో తీసింది. రెండోది పెరట్లో అమ్మ పూలు కోస్తుంటే ఫోన్‌తో తీసింది. మూడోది కాలం చేసిన నాన్నగారిది. అది ఎవరిదో పెళ్లిలో ఎనిమిది మంది నిలబడ్డ గ్రూపు ఫొటో, వాట్సాప్‌లో వచ్చింది, అందులోంచి నాన్నగారిని విడదీయాలి. స్టూడియో అతను "మూడూ 24×36 అంగుళాల్లో వేయించండి, వరసగా బాగుంటాయి" అన్నాడట. తెలిసిన ఫొటోగ్రాఫరేమో "12×18 దాటితే పగిలిపోతాయి", అంటే చుక్కలు చుక్కలుగా కనిపిస్తాయి, అన్నాడట. ఎవరి మాట వినాలని అడుగుతున్నారు. సోఫా పొడవు ఏడడుగులనీ, ఎదురు గోడ పన్నెండడుగుల దూరంలో ఉందనీ కూడా రాశారు. మంచి పని చేశారు, జవాబు సగం ఆ కొలతల్లోనే ఉంది.

నేను నెల్లూరులో చాలా ఏళ్లుగా ఫొటో ప్రింటింగ్, ఫ్రేములు కట్టే పనిలోనే ఉన్నాను. ముందు సూటిగా చెప్పేస్తాను. పడవల ఫొటో సోఫా పైన 24×36 ధీమాగా వేయించండి. అమ్మ ఫొటో 12×16 చాలు. నాన్నగారి ఫొటో ఒరిజినల్ ఫైలు దొరికితే 8×10. దొరక్కపోతే ఆ వాట్సాప్ ఫొటోలోంచి ముఖం కత్తిరించి పెద్దది మాత్రం చేయించకండి. మూడూ ఒకే సైజు అన్న ఆలోచన వదిలేయండి. కారణాలు కింద రాస్తున్నాను.

సైజు గురించి అడిగేవాళ్లంతా మొదట కెమెరా పేరు చెబుతారు. నేను మొదట అడిగేది మాత్రం, దీన్ని ఎక్కడ నిలబడి చూస్తారు అని. మామూలు చూపున్న మనిషి కంటికి, ఒక డిగ్రీలో అరవయ్యో వంతు కంటే తక్కువ ఎడం ఉన్న రెండు చుక్కలు ఒకటిగా కలిసిపోయి కనిపిస్తాయి. దీన్ని ప్రింటు లెక్కలోకి మార్చుకోవచ్చు. చేతిలో పట్టుకుని అడుగు దూరం నుంచి చూసే ఫొటోకి అంగుళానికి సుమారు 290 పిక్సెళ్లు, అంటే ఫొటోలోని చుక్కలు, కావాలి. ల్యాబుల వాళ్లు 300 అనేది అందుకే. మూడడుగుల దూరానికి 95 చాలు. ఆరడుగులకు 48. దూరం రెట్టింపయితే కావలసిన పిక్సెళ్లు సగమవుతాయి.

ఇప్పుడు మీ పడవల ఫొటో చూడండి. 24 మెగాపిక్సెల్ అంటే పొడవు 6000 పిక్సెళ్లు, వెడల్పు 4000. దాన్ని 36 అంగుళాలకు సాగదీస్తే అంగుళానికి 166 వస్తాయి. మధ్యలో సోఫా అడ్డం ఉంటుంది కాబట్టి ఎవరూ మూడడుగుల కంటే దగ్గరికి రాలేరు. అక్కడికి 95 చాలన్నప్పుడు 166 ఉన్నాయంటే నిశ్చింతగా ఉండొచ్చు. ఎదురు కుర్చీలో కూర్చున్నవాళ్లకయితే ఇంకా పెద్దది వేసినా తేడా తెలియదు. కానీ సోఫా పైన ఫ్రేము పొడవు సోఫా పొడవులో సగానికి తగ్గకుండా, మూడింట రెండు వంతులు దాటకుండా ఉంటే కంటికి ఇంపుగా ఉంటుంది. 36 అంగుళాల ప్రింటుకి చుట్టూ మూడంగుళాల మౌంటు (ప్రింటుకీ ఫ్రేముకీ మధ్య ఉండే అట్ట అంచు), అంగుళం ఫ్రేము కలిపితే 44 అంగుళాలవుతుంది. మీ సోఫా 84 అంగుళాలు. సరిగ్గా కుదిరింది.

మరి మీ ఫొటోగ్రాఫర్ 12×18 దగ్గర గీత ఎందుకు గీశాడు? ఆయన అబద్ధం చెప్పలేదు. మన ఊళ్లలో ఉండే మామూలు ల్యాబ్ మెషిన్లలో పేపర్ రోలు వెడల్పు గరిష్ఠంగా 12 అంగుళాలు. పెళ్లి ఆల్బమ్ షీట్లు 12×36లో రావడానికి కారణం కూడా అదే. ఆల్బమ్‌ని ఒళ్లో పెట్టుకుని చూస్తారు కాబట్టి ఆయనకి 300 లెక్క అలవాటు. 24 మెగాపిక్సెల్ ఫొటోకి 300 లెక్క వేస్తే 20 అంగుళాలు వస్తుంది, అంటే 12×18 దగ్గర ఆగినట్టే. ఆయన చెప్పింది ఒళ్లో పెట్టుకునే ఫొటో లెక్క, మీకు కావలసింది గోడ లెక్క. 12 అంగుళాలు దాటాక ప్రింటు ఇంక్‌జెట్ మెషిన్‌కి వెళ్తుంది. అవి 24 అంగుళాలు, 44 అంగుళాల వెడల్పుల్లో ఉంటాయి. పిగ్మెంట్ ఇంకుతో, ఫొటో పేపర్ మీద వేయమని అడగండి. ఫ్లెక్సీలు కొట్టే మెషిన్ మీద వేయించొద్దు. అది దారి పక్కన బ్యానర్లకి పనికొస్తుంది గానీ, దగ్గరగా చూస్తే చుక్కలు కనిపిస్తాయి, కొత్తలో వాసన కూడా వస్తుంది.

గుర్తుపెట్టుకోవడానికి ఒక తేలిక లెక్క. ఫొటో ఫైలు వివరాల్లో పొడవు ఎన్ని పిక్సెళ్లో చూడండి. చేతిలో పట్టుకునే ప్రింటుకైతే 300తో, దగ్గరగా నడిచే చోట గోడకైతే 200తో, సోఫా పైన గోడకైతే 100తో భాగించండి. వచ్చిన అంకే మీరు దాటకూడని అంగుళాలు. అంత సైజు వేయించే తీరాలని కాదు, అక్కడిదాకా వెళ్లొచ్చని.

ఈ లెక్కలో ఒక లొసుగుంది. పిక్సెళ్లున్నంత మాత్రాన వాటిలో వివరం ఉన్నట్టు కాదు. ఫోన్ పెట్టె మీద 50 మెగాపిక్సెల్ అని ఉంటుంది. మామూలుగా అది నాలుగు పిక్సెళ్లని ఒకటిగా కలిపి 12 మెగాపిక్సెల్ ఫొటోనే ఇస్తుంది. సాయంత్రం వెలుతురులో తీసినవీ, వేళ్లతో జూమ్ చేసి తీసినవీ, చెయ్యి కదిలినవీ అంకెల్లో ఘనంగా ఉన్నా ప్రింటులో చప్పగా ఉంటాయి. కంప్యూటర్‌లో నూరు శాతం సైజులో తెరిచి చూడండి. కనురెప్పల వెంట్రుకలు విడివిడిగా కనిపిస్తే ఆ ఫైలు మీద నమ్మకం పెట్టుకోవచ్చు. నీటిరంగులు అలికినట్టు కనిపిస్తే, పైన వచ్చిన సైజులో సగం దగ్గర ఆగండి.

అమ్మగారి ఫొటో సంగతి. ఫోన్ ఫొటో 4000×3000 ఉంటుంది, అంటే నాలుగుకి మూడు నిష్పత్తి. 12×18 మూడుకి రెండు. ఆ కాగితం నిండా వేయాలంటే ఫొటో ఎత్తులో తొమ్మిదో వంతు కత్తిరించాలి. ల్యాబులో చెప్పకపోతే మెషిన్ తనంతట తానే కత్తిరించేస్తుంది. అమ్మ కొప్పో, చేతిలో పూలసజ్జో పోతుంది. అందుకే 12×16 అన్నాను. ఫోన్ ఫొటోలకి 6×8, 9×12, 12×16, 18×24 సరిగ్గా సరిపోతాయి. కెమెరా ఫొటోలకి 8×12, 12×18, 16×24, 20×30, 24×36. ల్యాబులో ఆ సైజు లేదంటే 12×18 కాగితం మీదే 12×16 వేసి రెండు పక్కలా తెల్లంచు వదలమనండి. "ఫుల్ ఇమేజ్ వేయండి, కట్ చేయొద్దు" అని కవరు మీద రాసివ్వండి. ఈ సైజులో అంగుళానికి 250 పిక్సెళ్లు వస్తాయి కాబట్టి డైనింగ్ దగ్గరో, మెట్ల దారిలోనో, మనుషులు రెండడుగుల దూరంలో నడిచే చోట పెట్టొచ్చు.

ఇక లెక్కలకి లొంగని విషయం, ఫొటో తనకు తానుగా అడిగే సైజు. రొట్టెల పండగప్పుడు స్వర్ణాల చెరువులో జనాన్ని ఎత్తు మీద నుంచి తీసిన ఫొటో ఒకాయన తెచ్చారు. నీళ్లలో నిలబడి రొట్టెలు మార్చుకుంటున్న వేలమంది. 8×12 వేస్తే తలలన్నీ కలిసి ఇసుక రాశిలా కనిపించాయి. 20×30 వేశాక ఒక్కో చెయ్యి, ఒక్కో రొట్టె, తల్లి భుజం మీద నిద్రపోతున్న బిడ్డ బయటపడ్డారు. అంత వివరం ఉన్న ఫొటో దగ్గరికి మనిషి తప్పకుండా నడిచొస్తాడు, వేలు పెట్టి మరీ చూపిస్తాడు. అక్కడ 100 లెక్క పనికిరాదు, 200 ఉండాల్సిందే. ఆయన ఫొటోలో సరిగ్గా అంతే ఉన్నాయి కాబట్టి 20×30 దగ్గర ఆపాం.

దానికి పూర్తిగా ఎదురు ఇంకొకటి. ఒంగోలు దగ్గర పల్లె నుంచి ఒక రైతు బండలాగుడు పోటీల్లో గెలిచిన ఎడ్ల జత ఫొటో తెచ్చారు. ఫోన్‌తో తీసింది. వసారా గోడకి నాలుగడుగులు కావాలన్నారు. 36×48 అంటే అంగుళానికి 83 పిక్సెళ్లే. నేను సంతోషంగా వేశాను. తెల్లటి మూపురాలు, నల్లటి కొమ్ములు, వెనక పచ్చటి పొలం. ఆకారాలు పెద్దవి, గీతలు స్పష్టం. వాకిట్లో పదడుగుల దూరం నుంచి చూసేది. దగ్గరికెళ్లి వెంట్రుకలు లెక్కపెట్టే ఫొటో కాదది. ఒకే కెమెరాతో తీసిన రెండు ఫొటోలకి కూడా ఇలా రెండు వేర్వేరు సైజులు తగినవవుతాయి. మీ పడవల ఫొటో ఈ రెండోదాని కోవలోకి వస్తుంది.

పక్షుల ఫొటోల వాళ్లకి ఒక మాట. పులికాట్‌లో రాజహంసల్ని దూరం నుంచి తీసి, ఇంటికొచ్చి కత్తిరించి దగ్గరికి తెచ్చుకుంటారు. పొడవు సగం, వెడల్పు సగం కత్తిరిస్తే మిగిలేది నాలుగో వంతు పిక్సెళ్లే. చివరికి 1500 మిగిలితే ఎంత మంచి కెమెరా అయినా ప్రయోజనం ఉండదు. మధ్యాహ్నం నీళ్ల మీద ఆవిరి మసక ఉంటే ఆ మిగిలిందీ మెత్తగానే ఉంటుంది. అలాంటివి ఒక్కటి పెద్దది చేసే కన్నా మూడు ఎంచుకుని 8×12లో వరసగా పెట్టుకుంటే గోడా నిండుతుంది, పక్షీ చెడదు.

నాన్నగారి ఫొటో దగ్గరికొద్దాం. దీన్ని కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే నా దగ్గరికి వచ్చే పనిలో ఇదే అన్నిటికన్నా ఎక్కువ నొప్పి ఉన్నది. పెద్దకర్మ లోపల పటం కావాలని కొడుకో కూతురో ఫోన్ తీసి చూపిస్తారు. ఉన్నది ఒక్క గ్రూపు ఫొటో. నిలువెత్తు పటం కావాలంటారు. వాళ్ల ప్రేమ అంత పెద్దది, కానీ ఆ ఫైలులో నాన్న అంత లేరు.

లెక్క చూడండి. వాట్సాప్ మామూలుగా పంపే ఫొటో పొడవు 1600 పిక్సెళ్ల దగ్గర ఉంటుంది. ఎనిమిది మంది నిలబడితే మనిషికి 200. అందులో ముఖం వెడల్పు మూడో వంతు, అంటే 65 పిక్సెళ్లు. ముఖంలో కన్ను అయిదో వంతు. మీ నాన్నగారి కన్ను ఈ చివర నుంచి ఆ చివరకి పదమూడు చుక్కలే. 8×10 పటంలో ముఖం మూడంగుళాలుంటే, అంగుళానికి 22 పిక్సెళ్లు కూడా రావు. చూపు అనేదే ఉండదు. అదే ఫొటో ఒరిజినల్ 6000 పిక్సెళ్లదయితే ముఖానికి 250 వస్తాయి, మూడంగుళాలకి 83. పటాన్ని నాలుగైదు అడుగుల దూరం నుంచి చూస్తాం కాబట్టి బాగానే ఉంటుంది. అందుకే 8×10 అన్నాను, అంతకు మించొద్దన్నాను.

కాబట్టి ముందు ఆ పెళ్లి ఫొటో తీసిందెవరో కనుక్కోండి. స్టూడియో అయితే హార్డ్ డిస్క్‌లో ఉండొచ్చు, ఫోన్ చేసి అడగండి. చుట్టాలు తీసిందయితే వాళ్ల ఫోన్‌లో ఉన్నదాన్ని డాక్యుమెంట్‌గా పంపమనండి, అప్పుడు వాట్సాప్ దాన్ని కుదించదు. మామూలుగా ఫొటోలాగా మళ్లీ పంపితే మళ్లీ కుదించిందే వస్తుంది. హెచ్‌డీ అని పంపితే కొంత నయం, అయినా ఒరిజినల్ కాదు.

అదీ దొరక్కపోతే బీరువా వెతకండి. పాత పాస్‌పోర్ట్ సైజు ఫొటో, పాత ఆల్బమ్‌లో 4×6 ఫొటో, నెగటివ్, ఏది దొరికినా గ్రూపు ఫొటో ముక్క కన్నా మేలు. కాగితం ఫొటోని ఫోన్‌తో ఫొటో తీయకండి, మెరుపు పడుతుంది, అంచులు వంగుతాయి. స్కానర్ మీద 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల లెక్కన, స్కాన్ చేయించండి. అంతకు మించి పెంచినా కాగితంలో లేని వివరం రాదు. పాస్‌పోర్ట్ సైజు నుంచి 5×7 హుందాగా వస్తుంది. నెగటివ్ బాగుంటే 12×18 దాకా వెళ్లొచ్చు.

ఏఐతో ముఖం పదును పెట్టిస్తామని ఇప్పుడు చాలామంది అంటున్నారు. సముద్రానికి, చెట్లకి, ఆకాశానికి వాడండి, నాకు అభ్యంతరం లేదు. ముఖానికి మాత్రం వద్దని గట్టిగా చెబుతాను. పదమూడు చుక్కల కన్నుని అది పదును పెట్టలేదు, కొత్త కన్ను గీస్తుంది. చర్మం నున్నగా అవుతుంది, పుట్టుమచ్చ మాయమవుతుంది, పళ్ల వరస మారిపోతుంది. బయటివాళ్లు "ఎంత బాగుందో" అంటారు. మీ అమ్మగారు మాత్రం ఆ పటం ముందు నిలబడి, ఈయనెవరు అనుకుంటారు. ఇల్లంతా ఏళ్ల తరబడి చూసే పటం అది. కొంచెం మెత్తగా ఉన్నా ఆయన ముఖమే ఉండాలి.

చిన్న ప్రింటుకి నిండుతనం తేవడానికి వేరే దారుంది. 8×10 ప్రింటుని 16×20 ఫ్రేములో, చుట్టూ వెడల్పాటి తెల్ల మౌంటుతో కట్టించండి. గోడ మీద పెద్ద పటంలాగే నిలబడుతుంది, ముఖం మాత్రం చెడని సైజులో ఉంటుంది. దీనివల్ల ఇంకో మేలుంది. తద్దినం రోజు దండ వేస్తే, ఫ్రేము నిండా ఉన్న ఫొటోలో అది రెండు చెంపల మీదా, భుజాల మీదా పడి ముఖాన్ని ఇరుకు చేస్తుంది. వెడల్పు మౌంటుంటే దండ తెల్లంచు మీద పడుతుంది, ముఖం తేటగా కనిపిస్తుంది. కత్తిరించేటప్పుడు కూడా ఛాతీ దాకా ఉంచి, తల పైన మూడు వేళ్ల ఖాళీ వదలమనండి.

డబ్బు పెట్టే ముందు రెండు పరీక్షలు చేయండి. మొదటిది, పాత పేపర్లు అతికించి 44×32 అంగుళాల ముక్క కత్తిరించి, సోఫా పైన టేపుతో అంటించి రెండు మూడు రోజులు ఉంచండి. పెద్దదనిపిస్తుందో, చిన్నదనిపిస్తుందో ఇంట్లో వాళ్లే చెబుతారు. సోఫా ఆనుడు పైన ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు వదిలి ఫ్రేము మొదలవ్వాలి. చాలా ఇళ్లలో సీలింగ్ దగ్గర వేలాడదీస్తారు, అక్కడ ఎంత పెద్ద ఫొటో అయినా చిన్నదవుతుంది.

రెండోది ప్రింటు పరీక్ష. 24×36 వేయించే ముందు, పడవల ఫొటోలో ముఖ్యమైన చోట 2000×1333 పిక్సెళ్ల ముక్క కత్తిరించి 8×12 ప్రింటు తీయించండి. పెద్ద ప్రింటులో ఆ భాగం ఎలా ఉంటుందో అచ్చంగా అదే మీ చేతిలో ఉంటుంది. దాన్ని గోడకి పెట్టి మీ కుర్చీలోంచి చూడండి. నచ్చితే పెద్దది చెప్పండి. నీడలు నల్లగా మూసుకుపోయినట్టుంటే ఫైలు కాస్త వెలుతురు పెంచమనండి. ఫోన్ తెర తనే వెలుగుతుంది, కాగితం గదిలో వెలుతురు మీద ఆధారపడుతుంది. పొద్దు పొడిచేటప్పటి ఫొటోల్లో ఈ తేడా బాగా కొడుతుంది.

ఖర్చు విషయం కూడా తెలిసుండాలి. 12×18 నుంచి 24×36కి వెళ్తే వైశాల్యం నాలుగింతలు. ప్రింటు కన్నా ఫ్రేము, అద్దం, మౌంటుకే ఎక్కువవుతుంది, అందుకే అన్నీ కలిపి ధర అడగండి. ఆ సైజులో మూడు మిల్లీమీటర్ల అద్దం ఒక్కటే నాలుగు కిలోలు దాటుతుంది. యాక్రిలిక్ అయితే సగం బరువే, కానీ పొడిగుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి. మీ కొత్తిల్లు తేలిక ఇటుకలతో కట్టిందయితే మామూలు మేకు నిలవదు, ఆ ఇటుకలకి తగిన ప్లగ్గులు వేసి రెండు చోట్ల వేలాడదీయించండి. ఎదురుగా కిటికీ ఉంటే మెరిసే గ్లాసీ పేపర్ వద్దు, మెరవని మ్యాట్ పేపర్ తీసుకోండి.

కావలి సముద్రానికి దగ్గర, నవంబర్ వానలకి గోడలు చెమ్మెక్కుతాయి. బయటి గోడ అయితే ఫ్రేము వెనక చిన్న రబ్బరు బొడిపెలు పెట్టించి గాలి ఆడనివ్వండి. అద్దానికి ప్రింటు తగలకుండా మధ్యలో మౌంటు తప్పకుండా ఉండాలి. తగిలితే చెమ్మకి ప్రింటు అద్దానికి అతుక్కుపోతుంది, తర్వాత విడదీస్తే రంగు ఊడొస్తుంది.

నాన్నగారి ఫొటో ఒరిజినల్ గానీ, పాత కాగితం ఫొటో గానీ దొరికితే, ముఖం వెడల్పు ఎన్ని పిక్సెళ్లు వచ్చిందో ఇక్కడ రాయండి. 8×10 వేయొచ్చో, 5×7 దగ్గర ఆపాలో చూసి చెబుతాను.